ఆరు తీగలూ ఒకే మాట

రండి రండి, దగ్గరికి జరగండి. ఒరేయ్, ఆ గోడవార గుసగుసలు ఆపండిరా, మీ రహస్యాలు రేపటిదాకా పాడైపోవు. అమ్మా తల్లీ, ఆ ఫోను కాసేపు నోరు మూయించు, దాంతో పోటీపడి అరిచే ఓపిక నాకు లేదు. వెనకవాళ్లకి వినపడుతోందా? లేకపోతే ముందుకి రండి, ముందువాళ్లు కాస్త సర్దుకుంటారు. నేను చెప్పబోయేది నా కళ్లతో చూసిందీ, నా చెవులతో విన్నదీ. అందులో అబద్ధం ఉంటే చిటికెడు, అది కూడా రుచి కోసం.

సంగతి మన చక్రం మామది. అసలు పేరు ఎవరైనా గుర్తు చేస్తేగానీ ఆయనక్కూడా గుర్తురాదు. సైకిలు షాపు ఆయనది. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. తలుపుకి అటు ఆయన మాట చెల్లుతుంది, ఇటు అత్త మాట చెల్లుతుంది. అత్త ఎప్పుడూ ఆ గడప మీదే కూర్చుంటుంది కాబట్టి రెండు పక్కలా ఆవిడ మాటే చెల్లుతుంది.

సైకిలు చక్రానికి సన్నటి పుల్లలుంటాయి చూశారూ, ఒక్కో చక్రానికీ ముప్పయ్యారు. వాటి బిగింపులో తేడా వస్తే చక్రం వంకర తిరుగుతుంది. ఆ వంకర తియ్యడంలో మామని మించినవాడు ఇంకా పుట్టలేదు. మిగతా మెకానిక్కులు ఒక కన్ను మూసి చూస్తారు, కొలతలు వేస్తారు. మామ చూడడు. వింటాడు. చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో పుల్లనీ గోటితో మీటుతాడు. టింగ్, టింగ్, టింగ్, టంగ్. ఆ టంగ్ అన్నదాని చెవి మెలేస్తాడు. ముప్పయ్యారూ టింగ్ అనేదాకా చక్రాన్ని కింద పెట్టడు. “అన్నీ ఒకే మాట మీదుంటేనే చక్రం నిలబడుతుంది” అంటాడు. మంచం మీద పడుకుని, వీధిలో పోయే సైకిలు చప్పుడు విని, “వెనక చక్రం, ఎడం పక్క, పదకొండో పుల్ల వదులు” అని నిద్రలోనే చెప్పేవాడు. పరిగెత్తుకెళ్లి చూస్తే అదే పుల్ల! ఒక్కసారి మాత్రం పన్నెండోది వదులైంది. ఆ వారమంతా మామకి జలుబులెండి.

మామకి ఒక్కతే కూతురు, అమ్మడు. కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది, సాయంత్రాలు గిటారు వాయిస్తుంది. ముగ్గురు ఆడవాళ్ల జట్టు వాళ్లది. బ్యాంకులో క్యాషియరమ్మ పాడుతుంది, జట్టుకి పెద్ద ఆవిడే. బేకరీ ఆవిడ డ్రమ్ములు వాయిస్తుంది. పిండి గుద్దీ గుద్దీ ఆవిడ చేతులు ఎలా తయారయ్యాయంటే, ఆవిడ కొట్టిన డ్రమ్ము ఇంకొకళ్లు కొట్టడానికి పనికిరాదు. అమ్మడి గిటారు మాత్రం అరువుది. దాని సొంతదారు ఊరు మారుతూ పట్టుకెళ్లిపోయాడు. అది కూడా టౌన్ హాల్లో పాటల పోటీ పది రోజులుందనగా.

క్యాషియరమ్మ ఊరుకునే మనిషి కాదు. “శనివారం ఆరింటికి పోటీ. ఆరింటికి నీ చేతిలో గిటారు లేకపోతే నీ చోట్లో మా తోడికోడల్ని నిలబెడతాను. ఆవిడకి సొంత గిటారుంది” అంది.

“ఆవిడకి వాయించడం వచ్చాక్కా?”

“గిటారుందని చెప్పాగా!”

పాపం అమ్మడు ఏం చేస్తుంది? ఎలక్ట్రిక్ గిటారు కొత్తది కొనే స్తోమత లేదు. ముక్కలుగా డబ్బాలో వస్తుంది చూడండి, మనమే బిగించుకోవాలి, అలాంటిది ఒకటి తెప్పించుకుంది. అన్నిట్లోకీ చవకది. తీగల చప్పుడు పట్టే అయస్కాంతాలూ వైర్లూ ముందే అమర్చిన చెక్క ఒళ్లు ఒకటి, పొడుగు మెడ ఒకటి, మరలు, తీగలు. ఆ డబ్బా శుక్రవారం సాయంత్రం దిగింది. శనివారం సెలవు పెట్టి తీరిగ్గా బిగించుకుందామనుకుంది. పొద్దున్నే షాపు ఓనరు ఫోను: కళ్ల డాక్టరు వస్తున్నాడు, సెలవూ లేదు గిలవూ లేదు, వచ్చెయ్.

అమ్మడు చెప్పులు వేసుకుంటూ తండ్రి దగ్గరికొచ్చింది. “నాన్నా, ఒక్క సాయం చెయ్యి. ఈ మెడని ఈ ఒంటికి బిగించి పెట్టు. నాలుగు మరలు. నాలుగే నాన్నా. అంతకుమించి ఏదీ ముట్టుకోకు. మిగతాది అయిదింటికొచ్చి అరగంటలో నేను చేసుకుంటా.”

“నాలుగు మరలేనా?” అన్నాడు మామ, కాస్త చిన్నబుచ్చుకుని.

“నాలుగే. అమ్మా, నువ్వు సాక్ష్యం.”

“నేను విన్నానే, నువ్వెళ్లు” అంది అత్త గడప మీంచి.

ఇక్కడొక మాట చెప్పాలి. అమ్మడు పాట సంగతుల్లో తండ్రిని సాయం అడగడం అదే మొదలు. ఆమె గిటారు వాయిస్తుంటే మామ ఏనాడూ పక్కన కూర్చుని వినలేదు. ఇష్టంలేక కాదు, తనకేం తెలుస్తుందిలే అని మొహమాటం. అలాంటిది కూతురు తన చేతిలో పని పెట్టి వెళ్లిందంటే, ఆయన ఛాతీ ట్యూబులో గాలి కొట్టినట్టు పొంగిపోయింది.

నాలుగు మరలు నాలుగు నిమిషాల్లో బిగించాడు. ఎలా బిగించాడంటే, ఆ మెడ పట్టుకుని ఇల్లంతా పైకి లేపినా ఊడదు. బిగించి, గోడకానించి, రెండడుగులు వెనక్కేసి చూశాడు. తెల్లగా, ఒలిచిన బంగాళాదుంపలా ఉంది.

“ఏమేవ్, ఇలా బోడిగా పట్టుకుని మన పిల్ల జనం ముందు నిలబడాలా?”

“నాలుగు మరలు” అంది అత్త.

“మరలు అయిపోయాయే. రంగు మరల లెక్కలోకి రాదుగా!”

సైకిలు ఫ్రేములకేసే ఆకుపచ్చ రంగు డబ్బా తీశాడు. బ్రష్షు ఎంత నున్నగా నడిపాడంటే, ఆ చెక్కలో మొహం చూసుకుని ఒక కస్టమరు మీసం దువ్వుకుని వెళ్లాడు. అంతా అయ్యాక మూత పెడుతూ, ముప్పయ్యేళ్లలో మొదటిసారి ఆ డబ్బా మీది అక్షరాలు చదివాడు. ఆరడానికి ఇరవైనాలుగు గంటలు. సైకిళ్లయితే మర్నాడు రమ్మంటాడు, అందుకే ఆయనకెప్పుడూ అవసరం పడలేదు. అప్పుడు టైము పది.

గాలికి వేలాడదీశాడు. పంపు పెట్టి గాలి కొట్టాడు. ఒంటిగంటకి వేలు పెట్టి చూస్తే, వేలు వెనక్కి రానంటోంది. ఓ ఈగ వాలి అక్కడే స్థిరపడిపోయింది.

“తియ్యండి, తియ్యండి, ఇంకో చెయ్యి కూడా అంటించుకోండి” అంది అత్త.

పక్క షాపు ఇస్త్రీ బాబాయిది. ఆయన తల బయటికి పెట్టి, “ఏంటి బావా, ఆరట్లేదా?” అన్నాడు. బావా అని పిలుచుకుంటారు గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు, ఉన్నదల్లా మధ్యలో గోడ. “తడి చొక్కాని రెండు నిమిషాల్లో ఆరబెట్టేవాణ్ణి, చెక్క ఓ లెక్కా? ఇలా తే!”

“కాలిపోదూ?”

“నా చేతిలో ఇంతవరకూ ఏదైనా కాలిందా బావా?”

“పోయిన నెల నీ షాపే కాలింది కదరా.”

“అది కరెంటు తప్పు. మధ్యలో బట్ట వేసి రుద్దుతా, పైకి మచ్చ కూడా రాదు.”

బల్ల మీద గిటారుని పడుకోబెట్టాడు. కుప్పలోంచి చేతికందిన చొక్కా ఒకటి లాగి పైన పరిచాడు. ఇస్త్రీ పెట్టె కణకణలాడుతోంది. సయ్యిమని ఆవిరి లేచింది, ఇద్దరూ దగ్గారు, రంగు వాసనకి వీధి కుక్క లేచి వేరే వీధికి వెళ్లిపోయింది. రెండు నిమిషాలయ్యాక బాబాయి చొక్కా తియ్యబోయాడు. రాలేదు. కాలర్ పట్టుకుని లాగాడు. చొక్కాతో పాటు గిటారు లేచింది, గిటారుతో పాటు బల్ల గుడ్డ లేచింది.

“ఆరింది బావా” అన్నాడు బాబాయి సన్నగా.

అయితే, వినండి, నిజం చెప్పాలి. చూస్తే అద్భుతంగా ఉంది. పసుప్పచ్చ బట్ట మీద ఎర్రటి మందారాలు, ముడతన్నది లేకుండా, ఆ చెక్కకి చర్మంలా కరుచుకుపోయింది. మామ ట్యూబు కోసే బ్లేడు తీసి, అయస్కాంతాల దగ్గరా అంచుల దగ్గరా చుట్టూ కోసి, కొసలకి పంక్చరు సొల్యూషను రాసి అదిమాడు. కాలరూ చేతులూ కింద పడ్డాయి. అత్త కూడా గడప దిగొచ్చి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. అత్త ఏమీ అనకపోవడమంటే అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

బాబాయి మాత్రం కింద పడ్డ కాలర్ తీసి, లోపలి గుర్తు చూసి, అక్కడే కూలబడ్డాడు. “బావా, ఇది టౌన్ హాలు మేనేజరు చొక్కా. సాయంత్రం పోటీలో స్టేజీ ఎక్కి మాట్లాడ్డానికి ఇచ్చాడు!”

“ఇంకోటి ఇచ్చెయ్.”

“మందారాలున్న చొక్కా ఊరంతటికీ అదొక్కటే!”

మామ చెవిలో ఆ మాట పడలేదు. ఆయన చెయ్యి అప్పటికే తీగల పొట్లం విప్పుతోంది. ఒళ్లయింది, మెడయింది, బట్టయింది, ఆరు తీగలు బిగిస్తే పోయేదేముంది, పిల్లకి ఆ శ్రమెందుకు అనుకున్నాడు. పొట్లంలోంచి ఆరు చుట్టలు తీసి వరసగా పెట్టాడు. పెట్టి, మొహం ఎర్రగా చేసుకున్నాడు.

“చూశావా దగా! ఆరు తీగలూ ఆరు లావులు! ఒకటి తాడంత ఉంది, ఒకటి వెంట్రుకంత ఉంది. ఒక్కదానికి ఇంకోదానికి పొంతన లేదు!”

“చవక సరుకు గదా బావా. ఊడ్చినవన్నీ కలిపి పొట్లం కట్టుంటాడు.”

“పిల్లని చూసి మోసం చేశాడ్రా! ముప్పయ్యారు పుల్లల్లో ఒక్కటి లావైతేనే చక్రం గోడకి గుద్దుతుంది. ఆరింటికి ఆరూ తేడా అయితే ఈ మెడ ఏమైపోవాలి?”

డబ్బాలో ఒక కాగితం కూడా ఉంది, బొమ్మలతో సహా. మామ దాన్ని విప్పనుకూడా లేదు. కాగితం చదివి చక్రం బిగించినవాణ్ణి ఆయనెప్పుడూ చూళ్లేదు. అప్పుడే పాత ఇనుం బండివాడు వీధిలోకొచ్చాడు. “ఇదిగో, ఈ దగా సరుకు నా షాపులో ఉండకూడదు” అని ఆ ఆరు తీగల్నీ వాడి బండిలో పడేశాడు. బండి వెళ్లిపోయింది.

తర్వాత మామ చేసిన పని మీరెక్కడా చూసుండరు. కొత్త బ్రేకు వైరు ఒకటి తీశాడు. బ్రేకు వైరంటే ఒక్క తీగ కాదు, సన్నటి ఉక్కు తీగలు మెలేసి చేస్తారు. ఆ మెలిక విప్పి, అందులోంచి ఆరు తీగలు, కవలపిల్లల్లాంటివి, ఏరాడు. ప్రతిదాని కొసకీ పుల్ల చివర ఉండే చిన్న ఇత్తడి నట్టు బిగించాడు, జారిపోకుండా. గిటారు తల దగ్గర చెవుల్లాంటి మరలుంటాయి, వాటికి చుట్టాడు. ఆపైన, తను కట్టిన చక్రాలన్నిట్లోకీ మంచిదాన్ని దూలానికి వేలాడదీసి, దాని పుల్ల ఒకటి మీటాడు. టింగ్. గిటారు తీగ మీటాడు. టంగ్. మెలేశాడు. ఒక్కో తీగకీ అరగంట. షాపు ముందు కస్టమర్లు నిలబడిపోయారు, ఒక్కడూ దగ్గలేదు. ఆరో తీగ కూడా టింగ్ అన్నాక ఆరింటినీ కలిపి గోటితో ఒక్కసారి గీశాడు. అది ఆరు తీగల చప్పుడు కాదండీ, ఒక్క తీగ ఆరు రెట్లు పెరిగి పెద్దదైనట్టుంది. అద్దాల బీరువాలో గంటలన్నీ వాటంతటవే చిన్నగా మోగాయి. వీధి చివర్లో ఓ పాత సైకిలు తనంతట తాను తిన్నగా నిలబడిందని కూడా అంటారు. అది నేను చూళ్లేదు లెండి.

నాలుగున్నరకి మేనేజరు ఇస్త్రీ షాపుకొచ్చాడు. లావాటి మనిషి, బనీను మీద కోటు తొడుక్కునొచ్చాడు.

“నా చొక్కా ఏదయ్యా?”

“ఇస్త్రీ అయిపోయిందండీ” అన్నాడు బాబాయి. అబద్ధం కాదు.

“ఇవ్వు మరి.”

“హాలుకే వస్తోందండీ. ఆరింటికల్లా మీ కళ్లముందుంటుంది.” అదీ అబద్ధం కాదు.

“అక్కడికే పంపిస్తున్నావా! పనిమంతుడంటే నువ్వయ్యా!” అని భుజం తట్టి వెళ్లాడు. ఆ తట్టుకి బాబాయి భుజం నొప్పి మూడు రోజులుంది.

అయిదుంబావుకి అమ్మడు ఊపిరాడకుండా పరిగెత్తుకొచ్చింది. మామ గిటారుని రెండు చేతుల మీదా పెట్టి, పసిబిడ్డని ఇచ్చినట్టు ఇచ్చాడు. అమ్మడు చూసింది. మందారాల మీద చెయ్యి వేసింది. కళ్లు మెరిశాయి. మామ పొంగిపోయి, “వాయించమ్మలూ” అన్నాడు.

అమ్మడు మొదటి తీగ మీటింది. టింగ్. రెండోది. టింగ్. మూడోది. టింగ్. ఆరోదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, తండ్రి మొహంలోకి చూసింది.

“పొట్లంలో తీగలేవి నాన్నా?”

“ఆ దగా తీగలా? పారేశా. ఒక్కదానికొకటి పొంతన లేదు తల్లీ, నిన్ను మోసం చేశాడు.”

అమ్మడు పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి అంచు మీద కూర్చుంది. అరిచుంటే బాగుండేది. అరవలేదు. “అవి అలాగే ఉండాలి నాన్నా. ఆరు తీగలు ఆరు రకాలుగా పలకాలి. అప్పుడే పాటకి కావలసినవన్నీ దొరుకుతాయి. ఇందులో ఒక్కటే ఉంది.”

“అన్నీ ఒకే మాట మీదుంటేనే కదా...”

“అది చక్రం నాన్నా.”

ముప్పయ్యేళ్లలో వంకర చక్రం ఒక్కటి కూడా కస్టమరుకివ్వని మనిషి, సొంత కూతురికి వంకర పని చేసిచ్చాడు. మామ మొహం చూడలేకపోయాం. గబగబా స్పానరు తీసి, “ఇప్పుడే వదులు చేస్తా, ఒక్కోదాన్నీ ఒక్కోలా” అని ఓ మర తిప్పాడు. తీగ వేలాడిపోయి బుర్ బుర్ మంది. మళ్లీ బిగించాడు. అయిదూ నలభై అయింది. ఇనుం బండివాడు ఏ వీధిలో ఉన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

అత్త గడప మీంచి లేచింది. నాలుగు మరల సంగతి ఎత్తుతుందని అందరం బిగుసుకున్నాం. ఎత్తలేదు. “ఆరింటికి చేతిలో గిటారుండాలందిగా మీ క్యాషియరమ్మ? ఉంది. నడవండి” అంది.

మామ సైకిలు తీశాడు. వెనక క్యారేజీ మీద అమ్మడు, ఒళ్లో గిటారు. ఆ సైకిలు ఎంత వేగంగా పోయిందంటే, సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం వీళ్లు వెళ్లిపోయాక గానీ తేరుకుని వెలగలేదు. మేమంతా వెనక పరిగెత్తాం, నేనూ, అత్తా, కాలర్ జేబులో పెట్టుకుని ఇస్త్రీ బాబాయీ.

హాల్లో తెర పక్కన క్యాషియరమ్మ గిటారు చూసి, “అబ్బ! ఎంత బాగుందే!” అంది. ఒక్కసారి మీటాక, “ఇదేంటే ఇది!” అంది. సంగతి విన్నాక ఏమందో అది మీకు చెప్పను, పిల్లలున్నారు. వెంటనే ఫోను తీసి, “తోడికోడలా, గిటారు పట్టుకుని వెంటనే రా” అంది. కానీ తోడికోడలు ఊరికి ఆ చివర్న ఉంటుంది, వీళ్ల పేరు ఇంకో నిమిషంలో పిలుస్తారు.

“సరే, బొమ్మలా నిలబడు. మొదట్లో ఒక్కసారి మీటి ఊరుకో. ఈ పోటీ అయ్యాక నీ దారి నీది, మా దారి మాది.”

అమ్మడు తలూపింది. తెర పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మామకి ఆ మాట వినపడింది. ఆయనకి అన్నీ వినపడతాయి, అదే కదా చిక్కు.

మేనేజరు గొంతుదాకా బొత్తాలు పెట్టిన కోటులో, చెమటలు కక్కుతూ మైకు పట్టుకున్నాడు. “ఇప్పుడు మీ ముందుకి వస్తున్న జట్టు...” అంటూ పక్కకి తిరిగాడు. గిటారు కనపడింది. “...నా చొక్కా!” అన్నాడు.

జనం అదే జట్టు పేరనుకుని చప్పట్లు కొట్టారు. కొందరు ఈలలు కూడా వేశారు.

మేనేజరు చెయ్యి చాచుకుని గిటారు మీదకి రాబోయాడు. సరిగ్గా అప్పుడే అమ్మడు ఆరు తీగల్నీ కలిపి మీటింది. టింగ్ కాదండీ, ఇందాక షాపులో విన్నది ఏ మూలకి! పెద్ద స్పీకర్లలోంచి ఆ ఒక్క మాట వచ్చి, హాలు నేల మీంచి మా కాళ్లలోకెక్కి, పళ్లదాకా పోయింది. మేనేజరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అమ్మడు ఒక్కసారి మీటి ఆపాలి. ఆపితే మేనేజరు గిటారు లాక్కుంటాడని భయం. ఆపలేదు, మీటుతూనే ఉంది.

క్యాషియరమ్మ పాట ఎత్తుకుంది. ఇప్పుడు ఆవిడ గురించి ఒక నిజం చెప్పాలి. గొంతు బంగారం. కానీ నిలకడ లేదు. మొదటి చరణం మేడ మీద మొదలుపెడితే, రెండో చరణానికి మెట్ల మీదుంటుంది, మూడోదానికి వీధిలో ఉంటుంది. ఊళ్లో అందరికీ తెలుసు, ఆవిడకొక్కదానికే తెలీదు. చెప్పే ధైర్యం ఎవరికుంది? పోటీకెళ్లిన ప్రతిసారీ ఆ జారుడే కొంప ముంచేది.

ఆ రోజూ జారబోయింది. తెర పక్కన మామ కళ్లు మూసుకుని వింటున్నాడు. “కుడి పక్కకి లాగుతోంది” అన్నాడు గొణుగుతూ. “ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, వచ్చేసింది!” జారడానికి ఆవిడకి చోటు దొరకలేదండీ! ఎటు వెళ్లబోయినా ఆ ఆరు తీగల మాట ఎదురుగా నిలబడి, చెయ్యి పట్టుకుని మళ్లీ దారిలోకి లాక్కొచ్చేస్తోంది. మొదటి చరణం మేడ మీద, రెండోది మేడ మీద, మూడోది ఇంకా మేడ మీదే! పాడుతున్న ఆవిడే ఉలిక్కిపడి, తన గొంతుని ఎవరిదో విన్నట్టు వింటూ పాడుతోంది.

అమ్మడు అది కనిపెట్టింది. మామ కూతురు కదా, చెవి ఎక్కడికి పోతుంది? చూపుడు వేలు ఒక్కటి ఆరు తీగల మీదా అడ్డంగా పెట్టి, మెల్లగా పైకీ కిందికీ నడిపింది. క్యాషియరమ్మ పాడిన వరసనే గిటారు తిరిగి పాడింది. ఆరుగురు మనుషులు ఒకే గొంతుతో పాడినట్టు, ఒక్క వెంట్రుక తేడా లేకుండా. బేకరీ ఆవిడ పూనకం వచ్చినట్టు డ్రమ్ములు గుద్దింది. పాట అయిపోయింది. ఆ తర్వాత లేచిన చప్పట్లకి పైకప్పు మీది పావురాలు ఊరు వదిలి వెళ్లిపోయాయి. చెయ్యి చాచినవాడు చాచినట్టే మధ్యలో నిలబడిపోయిన మేనేజరుని చూసి, అదీ పాటలో భాగమే అనుకుని, ఆయనక్కూడా కొట్టారు. అన్ని చప్పట్లు జన్మలో ఎరగడాయె, వంగి వంగి దణ్ణం పెట్టాడు. దాంతో ఇస్త్రీ బాబాయి బతికిపోయాడు.

మొదటి బహుమతి వచ్చిందా అంటారా? రాలేదు. రెండోది వచ్చింది. మొదటిది మూడు భాషల్లో పాడే ఓ చిలక్కిచ్చారు. దాంతో ఎవరు పోటీపడతారు చెప్పండి?

ఈలోగా మామ కనపడలేదు. ఎక్కడికెళ్లాడా అనుకుంటుంటే, చిలక పాడుతుండగా మిగతా జట్ల కాళ్లా వేళ్లా పడి, తీగల పొట్లం ఒకటి సంపాదించుకుని చెమటతో వచ్చాడు. “అమ్మలూ, దొరికాయి! ఆరు తీగలు, ఆరు లావులు, నువ్వు చెప్పినట్టే. అయిదు నిమిషాల్లో మార్చేస్తా” అని స్పానరు తీశాడు.

“ముట్టుకున్నారంటే ఊరుకోను!” అని క్యాషియరమ్మ గిటారుకి అడ్డంగా దూకింది.

మామ స్పానరు అలాగే పట్టుకుని, “తప్పు చేశానమ్మా, సరిచేస్తానంటుంటే...” అన్నాడు.

“ఏం సరిచేస్తారు మామయ్యగారూ? పదేళ్లుగా పాడుతున్నా, నా గొంతు నాకే ఇవాళ కుదురుగా వినపడింది. దీని మీద మీ చెయ్యి పడకూడదు. ఎవరి చెయ్యీ పడకూడదు. అమ్మడి చెయ్యి తప్ప!”

అప్పుడే తోడికోడలు రొప్పుతూ వచ్చింది, కొత్త గిటారు భుజానేసుకుని. క్యాషియరమ్మ ఆవిణ్ణి నఖశిఖ పర్యంతం చూసి, “నీ గిటారు ఎన్ని రకాలుగా మోగుతుంది?” అంది.

“ఆరు రకాలుగా.”

“అన్ని రకాలు మాకెందుకమ్మా? పొద్దుపోయింది, ఇంటికెళ్లు” అంది.

అమ్మడు తండ్రి చేతిలోంచి స్పానరు తీసుకుని తన సంచిలో వేసుకుంది. “వచ్చే శనివారం వేరే హాల్లో పాడాలి నాన్నా. నువ్వు పక్కన కూర్చుని వింటూండు. అక్క జారితే నాకు సైగ చెయ్యి” అంది. మామ అప్పుడే చేత్తో సైగ చేసి చూపించబోయాడు. అత్తే అందుకుని, “వింటారు, వింటారు. చేతులు మాత్రం నేను పట్టుకు కూర్చుంటా” అంది.

అందరం బయటికొస్తుంటే హాలు వాచ్‌మన్ గేటు వేస్తూ మామని ఆపాడు. గిటారుని కిందనుంచి మీదికి చూసి, తీగలు లెక్కపెట్టి, పెద్ద తలకాయలా ఆలోచించి అన్నాడు: “అంతా బానే ఉంది గానీ మామా, ఒక్క చప్పుడుకి ఆరు తీగలెందుకు? నాతో ఒక్క మాట చెప్పుంటే అసలు తీగల్లేకుండానే చేసిచ్చేవాణ్ణి, మొయ్యడానికైనా తేలిగ్గా ఉండేది.”